సత్తు గ్లాసు

నర్సక్కపేట ఆడపిల్లల హైస్కూలుకు ఆ ఏడు అమెరికా వచ్చింది. అంతకు ముందు ఆ బడికి అమెరికా అంటే పాలపొడి డబ్బాలు, అంతే. డబ్బా మీద రెండు చేతులు కలుపుకున్న బొమ్మ ఉండేది. ఆ చేతుల్లో ఒకటి ఎవరిదో, రెండోది ఎవరిదో ఏ పిల్లా అడిగిన పాపాన పోలేదు. వేడినీళ్ళలో కలిపి పోస్తే తాగి మూతి తుడుచుకునేవాళ్ళు.

అమెరికాను డబ్బాలోంచి బయటికి తీసింది వకుళ టీచర్. ఆమె కాకినాడ వైపు మనిషి. ఆంధ్రా తెలంగాణా ఒక రాష్ట్రమయ్యాక కరీంనగరం జిల్లాకు ఉద్యోగానికి వచ్చినవాళ్ళలో ఆమె ఒకతె. తొమ్మిదో తరగతికి తెలుగూ సోషలూ చెప్పేది. పిల్లలు వచ్చిండు పోయిండు అంటే మొదట్లో నవ్వేది, తర్వాత నవ్వడం మానేసి దిద్దడం మొదలుపెట్టింది. దాంతో కొందరు పిల్లలు ఆమె ముందు నోరు విప్పడమే మానుకున్నారు. కానీ మనసు మంచిది, అందులో అబద్ధం లేదు. ఎక్కడో ఎవరికో అన్యాయం జరిగిందంటే ఆ పూట ఆమెకు అన్నం సయించేది కాదు.

ఒకరోజు హైదరాబాదు నుంచి బస్సులో వచ్చిన పాత పత్రిక పట్టుకుని క్లాసుకు వచ్చింది. అమెరికా రాజధానిలో లక్షల మంది నల్లవాళ్ళు ఒకచోట చేరారట. వాళ్ళలో ఒక పాస్టరు నిలబడి మాట్లాడాడట. ఆ మాటలను పత్రికవాళ్ళు తెలుగు చేసి వేశారు. ఆమె చదువుతూ చదువుతూ మధ్యలో ఆపి కిటికీ వైపు తిరిగి నిలబడింది. ఆ తర్వాత వారం వారం అదే పాఠం. నల్లవాళ్ళకు బస్సులో వెనక సీట్లు, బడి వేరు, గుడి వేరు, నీళ్ళు తాగే కుళాయి కూడా వేరు. నర్సక్కపేటలో అప్పటికి కుళాయి అన్నదే లేదు గనక పిల్లలకు ముందు కుళాయి బొమ్మ గీసి చూపించి, ఆ తర్వాత అది ఇద్దరికి రెండని చెప్పాల్సి వచ్చింది. అయినా ఏడ్చారు. అందరికంటే ఎక్కువ ఏడ్చింది అనసూర్య. పాపం వాళ్ళెట్ల బతుకుతున్నరో అని పక్కనున్న రిబ్కమ్మ భుజం మీద తల ఆనించి మరీ ఏడ్చింది.

రిబ్కమ్మ ఏడవలేదు. బాధ లేక కాదు. ఏడవడానికి కొంచెం ఆశ్చర్యం కూడా కావాలి, ఆమెకు ఆ ఆశ్చర్యం కలగలేదు. ఊరికి అవతల మిషన్ వాడలో, మెథడిస్టు గుడిసె చర్చి పక్క ఇంట్లో పుట్టిన పిల్లకు వేరు బావి అంటే వింతేముంది? కూలికి పోయే మొగిలి కూతురు ఆమె. పాఠం చివర వకుళ టీచర్, మన దేశంలో మాత్రం అంటరానితనాన్ని చట్టం తీసిపారేసింది, ఆ విషయంలో మనం అదృష్టవంతులం అని చెప్పింది. క్లాసంతా తల ఊపింది. రిబ్కమ్మ కూడా ఊపింది. పరీక్షలో రాయాల్సిన జవాబు అదే మరి.

బడిలో తేడాలు లేవని పెద్ద టీచరమ్మ కూడా గొప్పగా చెప్పుకునేది. నీళ్ళ కుండను ముట్టేది ఆయా చంద్రవ్వ ఒక్కతే. ఏ కులం పిల్లయినా దోసిలి పడితే ఆమే పైనుంచి పోస్తుంది. అందరికీ దోసిలే కాబట్టి అందరూ సమానమే అన్నమాట. అటువంటి సమానత్వంలో ఎవరికీ ఏ ఇబ్బందీ రాదు.

అనసూర్య, రిబ్కమ్మ ఆరో తరగతి నుంచీ ఒకే బెంచీ. అనసూర్య వాళ్ళు సాలోళ్ళు. తండ్రి లింగమూర్తి ఒకప్పుడు సొంత మగ్గం నేసినవాడే, ఇప్పుడు సేటు పెట్టిన కరెంటు మగ్గాల మీద, అదే సాంచాల మీద, పొద్దంతా నిలబడి పనిచేస్తున్నాడు. సేటు ఇంటికి పోతే గడప బయటే నిలబడతాడు. తల్లి దేవవ్వ కండెలు చుడుతుంది. దేవవ్వ చెడ్డ మనిషి కాదు, చిక్కంతా అక్కడే ఉంది. రిబ్కమ్మకు జ్వరం వచ్చిందని తెలిస్తే బిడ్డ చేతికి మాత్రలిచ్చి పంపింది. పండగకు సాంచాల కాడ మిగిలిన గుడ్డముక్క దాచి, జాకెట్టు కుట్టించుకొమ్మని ఇచ్చింది. ఇచ్చేటప్పుడు పైనుంచి చేతిలో పడేసిందని ఎవరైనా అంటే ఆమె నిజంగా నొచ్చుకునేది. అట్లా పడేసినట్టు ఆమెకే తెలియదు.

బడి వార్షికోత్సవానికి వకుళ టీచర్ తానే ఒక నాటిక రాసింది. మార్తా అని ఒక నల్లపిల్ల. ఒక తెల్ల దొరసాని ఇంట్లో పనికి ఉంటుంది. ఒకనాడు దప్పికై దొరసాని గ్లాసుతో నీళ్ళు తాగబోతే దొరసాని ఆ గ్లాసును చేతిలోంచి కొట్టేస్తుంది. తర్వాత దొరసాని కొడుకు ఏట్లో పడితే మార్తా ప్రాణాలకు తెగించి కాపాడుతుంది. చివరి రంగంలో దొరసాని బుద్ధి తెచ్చుకుని, తన గ్లాసుతో తన చేతుల మీదుగా మార్తాకు నీళ్ళిస్తుంది. మార్తా తాగుతుంది. దొరసాని ఆమె భుజం మీద చెయ్యి వేసి మనుషులంతా ఒక్కటే అని పెద్ద ఉపన్యాసం చెబుతుంది. తెర పడుతుంది.

మార్తా వేషానికి పిల్లలంతా ఎగబడ్డారు. పాటలున్నాయి, ఏడుపుంది, ఇంకేం కావాలి? పాట బాగా పాడుతుందని అనసూర్యకు ఇచ్చారు. గ్లాసు కొట్టేసే దొరసాని వేషానికి మాత్రం ఒక్కరూ ముందుకు రాలేదు. వకుళ టీచర్ రిబ్కమ్మను లేపింది. ఆదివారం చర్చిలో బైబిలు చదివి చదివి ఆ పిల్ల గొంతు చివరి వరుస దాకా పోతుంది. టీచర్ మనసులో ఇంకో ఆలోచన కూడా ఉంది. అణిగి ఉన్న ఇంటి పిల్ల ఒక్కసారి పైమెట్టు మీద నిలబడి చూస్తే మంచిదనుకుంది. ఆ ఆలోచనకు తనకే ముచ్చటేసింది.

దాంతో జరిగిన తమాషా ఏమిటంటే, తెల్లగా బంగారు బొమ్మలా ఉండే అనసూర్యకు దీపం మసి పూయాలి, చామనఛాయ కంటే నాలుగు ఆకులు ఎక్కువే నల్లగా ఉండే రిబ్కమ్మకు పౌడరు డబ్బా గుమ్మరించాలి. రిబ్కమ్మ ఇంట్లో ఈ సంగతి చెప్పగానే తల్లి ఆనందమ్మ కడుపు పట్టుకుని నవ్వింది. మన పిల్ల దొరసానాయెనే అని వాడంతా చాటింది. మొగిలి నవ్వలేదు. గ్లాసు ఎట్లా కొడతావో చూపించమన్నాడు. చూపించింది. చూసి ఒక్క మాటన్నాడు.

"జర దూరంకెల్లి కొట్టు బిడ్డా. ఆ పిల్ల చెయ్యికి తాకనియ్యకు."

మొదటి రిహార్సలుకు గ్లాసు అనసూర్య తన ఇంటి నుంచి తెచ్చింది. బరువైన ఇత్తడి గ్లాసు, అంచు కింద తాత పేరు చెక్కి ఉంది. ఆ సాయంత్రం ఇంటికి పోయి దొరసాని ఎవరో, గ్లాసు ఎవరి చేతినుంచి ఎవరి చేతికి పోతుందో అమాయకంగా చెప్పింది. మర్నాడు ఇత్తడి గ్లాసు రాలేదు. చొట్టపడిన సత్తు గ్లాసు వచ్చింది. ఇత్తడిది బరువని తల్లి దీన్ని ఇచ్చిందనీ, నాటిక అయిపోయినంక దీన్ని బడిలోనే ఉంచెయ్యమన్నదనీ అనసూర్య చెప్పింది. చెప్పేటప్పుడు కళ్ళు దించుకుంది. రిబ్కమ్మ గ్లాసు తీసుకుని, ఇదే మంచిగున్నది, తేలికగున్నది అంది. నిజంగానే తేలికగా ఉంది.

రిహార్సళ్ళు రోజూ జరిగాయి, ఖాళీ గ్లాసుతోనే. గుడ్డలు తడుస్తాయని, మసి కరుగుతుందని నీళ్ళు వద్దన్నారు. ఖాళీ గ్లాసు అందుకుని అనసూర్య ప్రతిసారీ కన్నీళ్ళు పెట్టుకునేది. అవి నటన కన్నీళ్ళు కావు, ముక్కు కూడా ఎర్రబడేది. వకుళ టీచర్ మురిసిపోయి, నటన నిజమైనప్పుడే నాటకం పండుతుందని చెప్పేది. ఆ మాటలు రిబ్కమ్మ చెవిలో పడ్డాయి. అనసూర్య కన్నీళ్ళు కంట్లో పడ్డాయి. రెండూ కలిసి ఆ పిల్ల మనసులో ఒక పాడు ఆశను లేపాయి. ఆశ లేనంత కాలం రిబ్కమ్మకు ఏ బాధా లేదు. మొద్దుబారిన మనసు మంచి కంబళి వంటిది, లోపల వెచ్చగా ఉంటుంది. ఇప్పుడు ఆ కంబళి తొలగిపోయింది.

ఆమెకు ఒక్కటే తెలుసుకోవాలని ఉంది. గ్లాసులో నిజంగా నీళ్ళుంటే అనసూర్య తాగుతుందా?

అడిగితే తెలిసిపోయేది. కానీ అడగడమంటే తాగనన్న మాటను ముందే చెవితో వినడానికి ఒప్పుకోవడం. రిబ్కమ్మ అడగలేదు. తాగుతుందనే ఆమె నమ్మకం. నమ్మకం కాకపోతే అంత పనికి పూనుకునేది కాదు.

వార్షికోత్సవం నాడు మధ్యాహ్నం నుంచే పందిట్లో జనం. ముందు కుర్చీల్లో కరీంనగరం నుంచి వచ్చిన ఆడ ఇన్‌స్పెక్టరు, ఊరి పెద్దలు. వాళ్ళ వెనక జంపఖానాల మీద తల్లులు, అందులో మొదటి వరుసలోనే దేవవ్వ. మిషన్ వాడవాళ్ళు గోడ పక్కన నిలబడ్డారు. అక్కడ నిలబడమని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. మొగిలి ఉతికిన తలపాగా చుట్టుకుని వచ్చాడు.

చివరి రంగానికి ముందు పిల్లలు పాట పాడుతుంటే రిబ్కమ్మ సత్తు గ్లాసు తీసుకుని కుండ దగ్గరికి పోయింది. చంద్రవ్వ పౌడరు మొహాన్ని చూసి నవ్వి, దప్పికైతుందా దొరసానీ అని గ్లాసు నిండా పోసింది. రిబ్కమ్మ ఆ గ్లాసును పట్టుకుని తెర పక్కన నిలబడింది. నీళ్ళు చంద్రవ్వ పోసినవి. గ్లాసు అనసూర్య ఇంటిది. మధ్యలో తన చెయ్యి ఒక్కటే కదా అనుకుంది. ఆ ఒక్క చెయ్యే ఇంత సంగతి అని ఆమెకు తెలియక కాదు.

రంగం మొదలైంది. ఏట్లోంచి దొరసాని కొడుకును మోసుకొచ్చిన మార్తా అలసిపోయి కూలబడింది. దొరసాని గ్లాసు పట్టుకుని నాలుగు అడుగులు వేసింది. కూర్చున్న జనానికి గ్లాసు అంచే కనిపిస్తుంది, లోపల ఏముందో కనిపించదు. అది ఖాళీదనే టీచర్ కూడా అనుకుంటోంది. రిబ్కమ్మ వంగి గ్లాసు అందించింది.

అనసూర్య చెయ్యి చాచి అందుకుంది. బరువు తగలగానే ఆగింది. లోపలికి చూసింది. తలెత్తి రిబ్కమ్మను చూసింది. మసి పూసిన మొహంలో కళ్ళు రెండే తెల్లగా కనిపిస్తున్నాయి. ఆ కళ్ళు రిబ్కమ్మను దాటి జంపఖానా మీదికి పోయాయి, దేవవ్వ దగ్గర ఆగాయి, మళ్ళీ గ్లాసులోకి వచ్చాయి. ఇంత గొప్పగా ఆగడం ఏ రిహార్సల్లోనూ లేదని వకుళ టీచర్ తెర చాటునుంచి చూస్తూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తాగు, అని రిబ్కమ్మ లోపల్లోపల అనుకుంది. ఒక్క గుక్క చాలు. మిగిలింది నేను ఎట్లాగైనా మరిచిపోతాను.

అనసూర్య గ్లాసు ఎత్తింది. అంచును పెదవుల దాకా తెచ్చి, తాకకుండా వెంట్రుకవాసి దూరంలో ఆపింది. కళ్ళు మూసుకుంది. గొంతు కదిలింది, మళ్ళీ కదిలింది. ఉత్త ఉమ్మి మింగుతోందని ఎదురుగా ఉన్న రిబ్కమ్మకు ఒక్కదానికే తెలుసు. మూసిన కళ్ళలోంచి నీళ్ళు కారి మసి మీద రెండు తెల్లచారలు పడ్డాయి. ముందు కుర్చీలో ఇన్‌స్పెక్టరమ్మ చప్పట్లు కొట్టింది. తర్వాత పందిరి పందిరంతా కొట్టింది. గోడ పక్కన మిషన్ వాడవాళ్ళు కూడా కొట్టారు. దేవవ్వ కొంగుతో కళ్ళు తుడుచుకుని పక్కామెకు, నా బిడ్డనే అని చూపించింది.

అనసూర్య గ్లాసు తిరిగి ఇచ్చింది, నిండుగా.

ఇక దొరసాని ఉపన్యాసం ఉంది. ఒక చేత్తో గ్లాసు, ఇంకో చెయ్యి మార్తా భుజం మీద. నీళ్ళు తొణికితే జనానికి తెలిసిపోతుంది, తెలిస్తే అనసూర్య నవ్వులపాలవుతుంది. రిబ్కమ్మ మణికట్టు బిగించి గ్లాసును కదలకుండా పట్టుకుంది. నెత్తురు అందరిదీ ఎరుపే అంది. దప్పికకు రంగు లేదంది. మనుషులంతా ఒక్కతల్లి బిడ్డలంది. ఒక్క పదం తప్పకుండా, వకుళ టీచర్ నేర్పినట్టే, వచ్చాడు పోయాడు అంటూ చెప్పింది. గొంతు చివరి వరుస దాటి గోడ దాకా పోయింది. ఆమె మనసు మాత్రం మాటల మీద లేదు, గ్లాసు మీదే ఉంది. ఒక్క చుక్క ఒలకలేదు.

తెర పడ్డాక వెనక గదిలో ఇద్దరే మిగిలారు. గ్లాసు బెంచీ మీద ఉంది. అనసూర్య దాని వంక చూసి, తర్వాత గోడ వంక చూసి మెల్లగా అంది.

"మా అవ్వ ముందల్నే కూసున్నది రిబ్కా. లేకుంటె తాగుతుంటి. ఒట్టు."

ఆ గదిలో దేవవ్వ లేదు. ఎవరూ లేరు. గ్లాసు ఇద్దరికీ మధ్య ఉంది, నీళ్ళు అట్లాగే ఉన్నాయి. ఆ సంగతి అనసూర్యకూ తట్టింది. తట్టగానే మొహం తిప్పుకుని, మసి తుడుచుకునే గుడ్డ ఎక్కడుందని వెతకడం మొదలుపెట్టింది. గుడ్డ ఆమె భుజం మీదే ఉంది. రిబ్కమ్మ ఆ గుడ్డ తీసి చేతికిచ్చింది. అనసూర్య దాన్ని అందుకుని మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నిజమైన ఏడుపే. ఏడ్చేవాళ్ళను ఓదార్చడం అలవాటే కాబట్టి రిబ్కమ్మ ఊకో ఊకో అంది. అంటూనే గ్లాసెత్తి ఆ నీళ్ళు తానే తాగేసింది. గోరువెచ్చగా, పౌడరు వాసన వేస్తున్నాయి. కోపం వస్తుందేమోనని చూసింది, రాలేదు. ఏడుపు వస్తుందేమోనని చూసింది, అదీ రాలేదు. ఒకే పక్కన చాలాసేపు పడుకుంటే చెయ్యి తిమ్మిరెక్కి తనది కాకుండా పోతుంది కదా, ఒళ్ళంతా అట్లాగే అయింది. కంబళి మళ్ళీ కప్పుకున్నట్టు హాయిగా మాత్రం లేదు.

వకుళ టీచర్ పరుగెత్తుకుంటూ వచ్చి ఇద్దరినీ ఒకేసారి కావలించుకుంది. ఆమె చీరకు ఒకపక్క మసి, ఒకపక్క పౌడరు అంటుకున్నాయి. ఆమెకు అటువంటి పట్టింపుల్లేవు, ఆ మాట చెప్పుకోవాలి. అచ్చం తాగినట్టే ఉందే అనసూర్యా, నా ఒళ్ళు ఝల్లుమంది అంది. అనసూర్య గుడ్డలోంచి మొహం బయటికి తీయలేదు. ఇంటికి పోయేదారిలో మొగిలి కూతురి పక్కన చాలాదూరం నడిచాక ఒక్కటే అడిగాడు, ఆ పిల్ల చెయ్యికి తాకలేదు గదా అని. తాకలేదు బాపూ అంది.

ఇన్‌స్పెక్టరమ్మకు నాటిక ఎంతో నచ్చింది. వచ్చే నెల కరీంనగరంలో జిల్లా పోటీలకు దాన్ని తీసుకురమ్మని చెప్పి పోయింది. సమానత్వం గురించి ఇంత చక్కగా చెప్పిన నాటికను ఆమె చూడలేదట. నర్సక్కపేట బడికి అది పండగే. మళ్ళీ రిహార్సళ్ళు మొదలయ్యాయి. అనసూర్య ముందులాగే రిబ్కమ్మ పక్కనే కూర్చునేది, ముందులాగే జామకాయలు తెచ్చి ఇచ్చేది. ఇప్పుడు కొంచెం ఎక్కువగా కూడా తెచ్చేది. ఆనాటి మాట ఇద్దరూ ఎత్తలేదు.

కరీంనగరం బస్సు ఎక్కే పొద్దున వకుళ టీచర్ సామాన్లు సర్దుతూ సత్తు గ్లాసు చేతిలోకి తీసుకుని ఆలోచించింది. అక్కడ స్టేజీ పెద్దది, దీపాలు పెద్దవి. జడ్జీలు ఎత్తు మీద కూర్చుంటే గ్లాసులో ఏమీ లేదని తెలిసిపోతుందేమో అని అనుమానం వచ్చింది. అనసూర్యను అడగలేదు. గ్లాసు అందించేది రిబ్కమ్మ గనక ఆమెనే అడిగింది.

"ఈసారి నిజంగా నీళ్ళు పోద్దామా రిబ్కమ్మా? ఇంకా సహజంగా ఉంటుందేమో."

పక్కన పెట్టె మూత పెడుతున్న అనసూర్య చేతులు ఆగిపోయాయి. తల ఎత్తలేదు. ఆమె మెడ మీది నరం కొట్టుకోవడం రిబ్కమ్మకు కనిపించింది. ఒక్క మాట చాలు. అవును టీచర్ అంటే చాలు, అంత పెద్ద ఊళ్ళో అందరి కళ్ళ ముందూ, నిండు గ్లాసు. దేవవ్వ కూడా అక్కడ ఉండదు. ఏం జరుగుతుందో చూడాలని ఒక్క క్షణం అనిపించింది. కానీ తెలుసుకోవాల్సింది ఏదీ మిగలలేదని వెంటనే అర్థమైంది.

"వద్దు టీచరమ్మా. ఖాళీదే మంచిగుంటది," అంది రిబ్కమ్మ. "నీళ్ళుంటె ఒలుకుతయి."

నిజమే అంది వకుళ టీచర్, అది నాకు తట్టనేలేదు అంది. గ్లాసును చీర మడతల మధ్య పెట్టి పెట్టె మూసింది. మిగతా పిల్లలతో పాటు ముగ్గురూ బస్సు ఎక్కారు. అనసూర్య కిటికీ పక్క చోటు రిబ్కమ్మకు వదిలింది. రిబ్కమ్మ అక్కడ కూర్చుని, దారి పొడుగునా ఉపన్యాసాన్ని మొదటినుంచి చివరిదాకా మనసులో వల్లె వేసుకుంది.